ముందుకు జరగండి

మొగల్రాజపురంలో మందుల షాపు పైన రెండో అంతస్తు.
మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమంది.
కాఫీ నూట ఎనభై. తాగలేదు.
ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ టికెట్లు కొట్టినదాన్ని,
ఇక్కడ నాకు టికెట్టే అక్కర్లేదట,
చీటీలో పేరుంటే చాలట.

సువార్తమ్మ, సిటీ బస్సు కండక్టరు.
జోయెలని ఓ కుర్రాడు రాసుకున్నాడు.
వాడి గడ్డం ఇంకా పరీక్షలు రాస్తోంది, పాసవలేదు.
"ఆంటీ, ఐదు నిమిషాలే.
వెనకాల ఫోన్ లైటు వెలిగిస్తే దిగిపోవాలి."
దిగమనడం నా ఉద్యోగం నాయనా,
ఇవాళ నేను వింటున్నాను.

నాకంటే ముందెక్కినవాడు
జోకు సగంలో ఉండగానే వాడి స్నేహితులు నవ్వేశారు.
పాసుల మీద ఎక్కిన నవ్వులు.
కలెక్షన్లో రావు.

నేనెక్కడ సాధన చేశానంటారా?
ఆఖరి ట్రిప్పులో, పోరంకి దాటాక,
ఖాళీ సీట్లకి చెప్పుకున్నాను.
డ్రైవరు మస్తాను అద్దంలో చూసి
"ఎవరితో అక్కా?" అన్నాడు.
దేవుడితో అన్నాను.
"టికెట్ తీసుకున్నాడా?" అన్నాడు.
ఈ మెట్లు ఎక్కాల్సింది వాడు, నేను కాదు.

పేరు పిలిచారు.
ఎక్కాక గాని తెలియలేదు,
ఇక్కడ నేల కదలదు.
బెంజి సర్కిల్ మలుపులో, సడన్ బ్రేకులో,
ఏడో నెల కడుపుతో కూడా
కడ్డీ పట్టుకోకుండా నిలబడ్డ కాళ్లు
కదలని చెక్క మీద గడగడలాడాయి.
మైకు స్టాండుని వాటేసుకున్నాను.

రాసుకొచ్చింది మా ఆయన గురక గురించి.
ఆయనకి గురక లేదు.
ఫోన్లో చూస్తే అందరూ మొగుళ్ల మీదే వేస్తున్నారు గదాని
లేని గురకని అరువు తెచ్చుకున్నాను.
గురకకి ఇన్వర్టరు పెట్టించామన్నాను.
ఒకాయన దగ్గాడు.
కాఫీ మిషను బుస్సుమంది.

నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయి
జనమంతా నా వంక చూసినప్పుడు కూడా
ఎవరో ఒకరు తిడతారు.
తిట్టు ఒక తోడు.
ఇక్కడ అదీ లేదు.

ముందు కుర్చీలన్నీ ఖాళీ.
పదకొండుమంది (లెక్కపెట్టకుండా ఉండలేను)
వెనక తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు.
నా నోరు నన్ను అడగలేదు:

"జరగండమ్మా, ముందుకు జరగండి,
లోపలంతా ఖాళీయేగా!
ఆ గుమ్మంలో ఏవుంది, లడ్డూలు పంచుతున్నారా?"

ఒకమ్మాయి పక్కుమంది.
నూట ఎనభైలో సగం ఒళ్లో ఒలికింది.
తర్వాత దగ్గినాయన.
ఆ తర్వాత, నేను చూస్తుండగానే,
పదకొండుమందీ లేచారు,
బ్యాగులు సర్దుకుంటూ, కుర్చీలు ఈడ్చుకుంటూ
వచ్చి ముందు కూర్చున్నారు.

ఇరవై రెండేళ్లమ్మా.
మార్కెట్ దగ్గర్నుంచి పెనమలూరు దాకా
రోజుకి ఎన్ని వందల సార్లో
అరిచి, బతిమాలి, కసిరి, చేత్తో తోసి.
ఒక్కడంటే ఒక్కడు జరగలేదు.
వీళ్లు జరిగారు.

గొంతుకి ఏదో అడ్డం పడింది.
తర్వాత చెప్పాల్సింది గుర్తు రాలేదు.
వెనకాల ఫోన్ లైటు వెలిగింది.
చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసిచ్చినట్టు
మిగిలిన మూడు నిమిషాలూ బాకీ పెట్టి
"హోల్డాన్" అని నాకు నేనే చెప్పుకుని దిగాను.
దానికీ నవ్వారు. అది జోకు కాదు.

జోయెలు కిందిదాకా వచ్చాడు.
"డబ్బులేవీ ఉండవాంటీ. వచ్చే గురువారం రండి."
గురువారం నాకు సెకండ్ షిఫ్టు.
చూస్తాలే అన్నాను,
మనసులో అప్పుడే షిఫ్టు మార్చేసుకుని.

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర.
ఆయన మెలకువగానే ఉన్నాడు, కంచం మీద మూతపెట్టి.
"ఎలా జరిగింది?"
"జరిగారు" అన్నాను.
అర్థం కాక, అన్నం తినమన్నాడు.

దీపం తీసేశాక
చీకట్లో కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.
ఒంటిగంట దాటిందో లేదో,
నా రాత కాకపోతే,
పక్కన సన్నగా, మొట్టమొదటిసారి,
ఆయన గురక.